గుట్ట దారికి ఉక్కు సైకిల్

సైకిల్ దుకాణంలోకి అడుగుపెట్టిన పన్నెండేళ్ళ పిల్లవాని చూపు ముందుగా పడేది లావుపాటి గొట్టాలు, ముందొక స్ప్రింగు, సీటు కింద మరొక స్ప్రింగు ఉన్న సైకిల్ మీద. దుకాణదారుడు దానిని ‘డబుల్ షాకర్’ అంటాడు. పిల్లవాడు సీటు మీద చేయి పెట్టి రెండుసార్లు నొక్కుతాడు. స్ప్రింగు కుంగి పైకి లేస్తుంది. అంతటితో బేరం సగం కుదిరిపోతుంది. తండ్రి ధర అడుగుతాడే గాని బరువు అడగడు. ఒక్కసారి చేత్తో ఎత్తి చూసినా చాలు, ఆ సైకిల్ ఇంటి దాకా రాదు.

మదరసాకు వచ్చే తండ్రులు పిల్లల చదువు తరువాత మమ్మల్ని ఎక్కువగా అడిగే విషయం సైకిలే. ఉక్కు ఫ్రేము కలిగి, ముందు ఫోర్కుకు మాత్రమే షాకరు ఉన్న సైకిల్‌ను మేము చాలా ఏళ్ళుగా తొక్కుతూ ఉండటమే దీనికి కారణం. ఫజ్ర్ నమాజు ముగిసిన తరువాత మొదటి తరగతికి గంట కొట్టే లోపు చెరువు కట్ట, దాని వెనుక గుట్ట చుట్టి రావటం మాకు అలవాటు. గడ్డం నెరసిన ఉస్తాదు రాళ్ళ దారిలో సైకిల్ తొక్కటం చూసి మొదట్లో నవ్వినవారే ఇప్పుడు తమ పిల్లలకు ఏ సైకిల్ కొనాలని అడుగుతున్నారు. ఈ వ్యాసం వారి కొరకు. నలభై దాటాక మళ్ళీ పెడలు మీద కాలు పెట్టాలనుకొనేవారికి కూడా ఇందులో పనికివచ్చే మాటలు కొన్ని ఉండవచ్చు.

వెనుక చక్రానికి, ఫ్రేముకు మధ్య కదిలే కీలు గాని స్ప్రింగు గాని లేని కొండ సైకిల్‌ను హార్డ్‌టెయిల్ అంటారు. తోక గట్టిది అని అర్థం. దుకాణంలో ఈ పేరు చెబితే కొందరికి తెలియకపోవచ్చు, ముందు షాకరు మాత్రమే ఉన్నది కావాలంటే చూపిస్తారు. రెండు వైపులా షాకర్లు ఉన్న సైకిళ్ళన్నీ చెడ్డవని మేము అనటం లేదు. వాటిలో నిజంగా మంచివి ఉన్నాయి, కాని వాటి ధర ఒక మోటారు సైకిల్ ధరకు తగ్గదు. తక్కువ ధరలో దొరికే డబుల్ షాకరులో వెనుక ఉండేది వట్టి స్ప్రింగు మాత్రమే. అది లేచే వేగాన్ని అదుపు చేసే నూనె గాని గాలి గాని దానిలో ఉండదు. ఎక్కుడులో పెడలు తొక్కిన ప్రతిసారీ కాలి బలంలో కొంత ఆ స్ప్రింగును కుంగదీయటానికే ఖర్చవుతుంది. కీళ్ళ దగ్గరి బుష్షులు కొద్ది కాలంలోనే అరిగి వెనుక చక్రం అటూ ఇటూ ఊగుతుంది. పైగా అటువంటి సైకిల్ తరచు 17, 18 కిలోలు తూగుతుంది. నలభై కిలోల పిల్లవాడు తన బరువులో దాదాపు సగాన్ని గుట్ట మీదికి నెట్టుకొని పోవాలన్నమాట.

కాలిఫోర్నియా కొండ మీద

కొండ సైకిల్ పుట్టిన చోటు గురించి కొంత తెలుసుకుంటే ఈ గట్టి తోక ఎందుకు నిలిచి ఉన్నదో అర్థమవుతుంది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరాన, వంతెన దాటగానే వచ్చే ప్రాంతం మారిన్ కౌంటీ. అక్కడి తమల్పాయిస్ కొండ పరిసరాలలో అడవి మంటలు ఆర్పే బండ్ల కొరకు వేసిన మట్టి దారులు ఉన్నాయి. 1970ల్లో కొందరు యువకులు 1930లు, 40ల నాటి బరువైన పాత ఉక్కు సైకిళ్ళను పాత సామాన్ల కొట్ల నుండి ఏరి తెచ్చి, లావు టైర్లతో ఆ దారుల్లో దిగటం మొదలుపెట్టారు. వాటికి చేతి బ్రేకులు ఉండేవి కావు. పెడలును వెనక్కి తొక్కితే వెనుక చక్రం ఇరుసులోని బ్రేకు పడేది.

1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరికి దగ్గరలో వారు గడియారం పెట్టుకొని మొదటి పోటీ జరుపుకున్నారు. రెండు మైళ్ళు కూడా లేని దారి, సుమారు 1300 అడుగుల దిగుడు. కిందికి చేరేసరికి ఇరుసులోని గ్రీసు కాలి పొగలు వచ్చేది. మళ్ళీ పైకి పోయే ముందు ఇరుసు విప్పి కొత్త గ్రీసు నింపవలసి వచ్చేది. అందుకే ఆ దారికి ‘రీప్యాక్’ అని పేరు పడింది, అనగా తిరిగి నింపటం. గ్యారీ ఫిషర్ అనే అతను ఆ దిగుడును 4 నిమిషాల 22 సెకన్లలో పూర్తి చేశాడు.

పాత ఫ్రేములు ఆ దెబ్బలకు తాళలేక విరిగేవి. ఆ బృందంలోని జో బ్రీజ్ 1977లో క్రోమోలీ ఉక్కు గొట్టాలతో ప్రత్యేకంగా ఈ పని కొరకే ఒక ఫ్రేము తయారు చేశాడు. ఆ మొదటి సైకిల్ ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు చెందిన చరిత్ర ప్రదర్శనశాలలో ఉన్నది. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి ‘మౌంటెన్‌బైక్స్’ పేరుతో వ్యాపారం ప్రారంభించారు. వారికి ఫ్రేములు చేసి ఇచ్చినవాడు టామ్ రిచీ. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ జపానులో తయారు చేయించిన స్టంప్‌జంపర్‌తో ఇటువంటి సైకిల్ సామాన్య కొనుగోలుదారుకు చేరింది. ముందు ఫోర్కుకు షాకరు రావటం 1990 ప్రాంతంలో, రాక్‌షాక్స్ అనే కంపెనీతో మొదలైంది. అంతవరకు రాళ్ళ దెబ్బలన్నింటినీ కాచుకున్నది మనిషి మోకాళ్ళు, మోచేతులు, టైర్లలోని గాలి మాత్రమే.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. ఇప్పుడు కొత్త సైకిళ్ళకు ‘29 అంగుళాల పెద్ద చక్రం’ అని గొప్పగా చెబుతారు. టైరు కూర్చునే చోట దాని రిమ్ము వ్యాసం 622 మిల్లీమీటర్లు. మన తండ్రులు, తాతలు పాల క్యాన్లు, గడ్డి మోపులు కట్టుకొని తిరిగిన నల్ల సైకిల్ 28 అంగుళాల రిమ్ము 635 మిల్లీమీటర్లు. పేరులో చిన్నదే గాని రిమ్ము కొలతలో అదే పెద్దది. ఈ మాట చెప్పినప్పుడు మా ఊరి సైకిల్ మిస్త్రీ నమ్మలేదు. టేపు తెచ్చి కొలిచి, “మౌలానా సాబ్, కంపెనీ వాళ్ళు నలభై ఏళ్ళు తిరిగి మా షాపు ముందుకే వచ్చిండ్రు కదా!” అని నవ్వాడు.

ఉక్కు ఎందుకు

ఉక్కు అనగానే అన్నీ ఒకటే కావు. తక్కువ ధర ఫ్రేముల మీద ‘హై టెన్’ అని ఉంటుంది. అది సాధారణ ఉక్కు. క్రోమోలీ అనేది ఇనుములో సుమారు 0.3 శాతం కర్బనం, 1 శాతం క్రోమియం, 0.2 శాతం మాలిబ్డినం కలిసిన ఉక్కు, దీని సంఖ్య 4130. తూకంలో గాని వంగని గుణంలో గాని రెండింటికీ భేదం లేదు. భేదం అంతా తెగకుండా ఓర్చుకొనే బలంలో ఉన్నది. ఆ బలం ఎక్కువ కాబట్టి గొట్టం గోడను పలుచగా చేయవచ్చు. పలుచన చేస్తే బరువు తగ్గుతుంది. అతుకు పెట్టే చివరలు మందంగా, మధ్య భాగం పలుచగా ఉండే గొట్టాలకు ఇంగ్లండులోని బర్మింగ్‌హాంకు చెందిన రేనాల్డ్స్ 1897లోనే పేటెంటు పొందింది. చివర 0.9 మిల్లీమీటర్లు, నడుమ 0.6 మిల్లీమీటర్లు ఉండే గొట్టం నేడు సర్వసాధారణం. అటువంటి ఫ్రేముతో కూర్చిన సైకిల్ 13, 14 కిలోల్లో వస్తుంది.

అల్యూమినియం ఇంకా తేలిక. దానిని నిందించవలసిన పని లేదు, మంచి అల్యూమినియం హార్డ్‌టెయిల్ దొరికితే సంతోషంగా కొనుక్కోవచ్చు. అయితే ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. ఒక హద్దుకు లోబడిన దెబ్బలను ఉక్కు ఎన్నిసార్లయినా భరించగలదు. అల్యూమినియానికి అటువంటి హద్దు లేదు, చిన్న దెబ్బ కూడా దాని లెక్కలో చేరుతూనే ఉంటుంది. అందుకే ఆ ఫ్రేములను అంత లావు గొట్టాలతో చేస్తారు. ఉక్కు ఫ్రేము చెడిపోయే ముందు సాధారణంగా రంగు పగులు రూపంలోనో, చిన్న వంపు రూపంలోనో చెప్పి చెడిపోతుంది. బాగు చేయించుకొనే వీలు కూడా ఉంటుంది. కాని పలుచని క్రోమోలీ గొట్టాన్ని గేట్లు, కిటికీలు అతికే వెల్డింగు షాపుకు తీసుకుపోరాదు. ఆ మంటకు గొట్టానికి చిల్లు పడుతుంది. పలుచని గొట్టం మీద చేయి తిరిగిన పనివాడు కావాలి.

ఉక్కు సైకిల్ మెత్తగా పోతుందనే మాట తరచు వింటాము. ఆ మాటలో సగం టైరు గాలి చేసే పని అని మా అభిప్రాయం. గాలి సరిగా లేని ఉక్కు సైకిల్ కంటే గాలి సరిగా ఉన్న అల్యూమినియం సైకిల్ నడుముకు హాయినిస్తుంది.

దుకాణం నుండి వచ్చిన సైకిల్‌ను నమ్మరాదు

అసలు విషయం ఇక్కడ ఉన్నది. సైకిల్ అట్టపెట్టెలో విడి భాగాలుగా దుకాణానికి వస్తుంది. హ్యాండిల్, ముందు చక్రం, పెడళ్ళు, సీటు బిగించేది దుకాణంలో పనిచేసే కుర్రవాడు. అతనికి నేర్పినవారు ఉంటే అదృష్టం.

కొంతకాలం క్రితం మా విద్యార్థి ఒకడు, పదమూడేళ్ళవాడు, కొత్త సైకిల్ మీద గుట్ట దిగుతూ ముందు బ్రేకు నొక్కాడు. హ్యాండిల్ మీదుగా ఎగిరి పడ్డాడు. భుజం ముందరి ఎముక విరిగింది. ఆసుపత్రిలో వాని తండ్రి మాతో, “హజ్రత్, వేగంగా పోవద్దని వందసార్లు చెప్పాను. ఇక వీనికి సైకిల్ లేదు” అన్నారు. పిల్లవాడు మారు మాట్లాడలేదు, కన్నీళ్ళు మాత్రం కారుతున్నాయి. సాయంత్రం మేము వారింటికి పోయి గోడకు ఆనించి ఉన్న సైకిల్‌ను చూశాము. ఫోర్కును వెనుక ముందుగా తిప్పి బిగించారు. దుకాణం నుండి అలాగే వచ్చింది. ఇంట్లో ఎవరికీ తెలియలేదు, తెలిసే అవకాశమూ లేదు.

ముందు చక్రం ఇరుసు, హ్యాండిల్ తిరిగే గీతకు నాలుగైదు సెంటీమీటర్లు ముందుకు ఉండాలి. ఫోర్కును తిప్పి బిగిస్తే అంతే దూరం వెనక్కి పోతుంది. రెండు చక్రాల మధ్య 8 సెంటీమీటర్లకు పైగా దగ్గరవుతుంది. మనిషి బరువు ముందు చక్రం మీదికి వచ్చేస్తుంది. మలుపులో కాలి వేళ్ళు టైరుకు తగులుతాయి. దిగుడులో ముందు బ్రేకు పడితే ఆ పిల్లవానికి జరిగినదే జరుగుతుంది. దీనిని గుర్తించటం తేలిక. సైకిల్‌ను పక్క నుండి చూడాలి. రిమ్మును పట్టే బ్రేకు అయితే దాని చేతులు ఫోర్కుకు ముందు వైపు ఉండాలి, వెనుక వైపు ఫ్రేము గొట్టానికి ఎదురుగా ఉంటే తిరగబడినట్లే. డిస్కు బ్రేకు అయితే డిస్కు మనం కూర్చున్నప్పుడు ఎడమ చేతి వైపు ఉండాలి. సరిచేయటానికి మాకు ఇరవై నిమిషాలు పట్టింది. తండ్రిగారు పక్కనే నిలబడి చూశారు. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత లోపలికి పోయి పిల్లవాని పక్కన కూర్చున్నారు. ఆ వారమే మదరసా ఆవరణలో ఉన్న సైకిళ్ళన్నింటినీ వరుసగా నిలిపి చూశాము. మరొకటి కూడా అలాగే ఉన్నది.

కనుక కొత్త సైకిల్ ఇంటికి రాగానే ముందుగా ఫోర్కును చూడాలి. తరువాత ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిల్‌ను ముందుకు వెనక్కి ఊపాలి. హ్యాండిల్ గొట్టం దగ్గర టక్ మని చప్పుడు తగిలితే అక్కడి బేరింగులు వదులుగా ఉన్నాయని అర్థం. ముందు చక్రాన్ని కాళ్ళ మధ్య ఇరికించుకొని హ్యాండిల్ తిప్పితే అది జారరాదు. బోల్టులను మాత్రం పిడికిలి బలమంతా పెట్టి బిగించరాదు. హ్యాండిల్ దగ్గరి చిన్న బోల్టులకు 5 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. కొలిచే పానా లేనివారు అల్లెన్ కీని పొడవు చివర కాకుండా మలుపుకు దగ్గరగా పట్టుకుంటే అతిగా బిగిసే ప్రమాదం తగ్గుతుంది. ఎడమ పెడలు మరలు మాత్రం ఎదురు తిరుగుడు. తెలియక కుడి వైపు తిప్పి బలవంతంగా బిగించి క్రాంకు మరలు చెడగొట్టినవారు అనేకులు.

సీటు ఎత్తు విషయంలో మనవారికి ఒక భయం. నేల మీద రెండు పాదాలూ ఆనాలంటారు. అలా పెడితే మోకాలు ప్రతి తొక్కుకూ మడిచిన కత్తిలా ఉండి, కొద్ది దూరానికే నొప్పి మొదలవుతుంది. గోడ పట్టుకొని సీటు మీద కూర్చుని, పెడలును పూర్తిగా కిందికి దించి, దాని మీద మడమ పెట్టాలి. కాలు నిటారుగా ఉంటే ఎత్తు సరిపోయినట్లే. పాదం ముందరి భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, కావలసినది అదే. రాళ్ళ దారిలో దిగబోయే ముందు ఈ సీటునే రెండు మూడు అంగుళాలు తగ్గించుకోవాలి, లేకపోతే ఒళ్ళు వెనక్కి జరపటానికి అడ్డం వస్తుంది. మీట నొక్కితే దానంతట అదే దిగే సీటు గొట్టాలు కూడా దొరుకుతున్నాయి. ఖర్చు పెట్టగలిగితే, ఫోర్కు తరువాత పెట్టవలసిన ఖర్చు దానికే అంటాము.

ఎదిగే పిల్లల తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. సీటు గొట్టం మీద ఒక గీత, దాని పక్కన కనీసం లోపల ఉండవలసిన హద్దు అని రాసి ఉంటుంది. పిల్లవాడు పెరిగాడని ఆ గీత బయటికి కనిపించేంత పైకి లాగితే గొట్టం వంగుతుంది, లేదా ఫ్రేము పైభాగం చీలుతుంది. అప్పుడు కావలసినది పెద్ద ఫ్రేము.

గాలి, కుంగు

మా మిస్త్రీ చేతి పంపుతో టైరును రాయిలా నింపి, బొటనవేలితో నొక్కి, దిగకపోతే తృప్తిగా తల ఊపుతాడు. నల్ల సైకిల్‌కు, మూడు బస్తాల బియ్యానికి అది సరైన పద్ధతి. కొండ సైకిల్‌కు కాదు. టైరు పక్కన అచ్చు వేసిన 50, 65 వంటి అంకెలు మించరాని హద్దును చెబుతాయి. అంత నింపాలని వాటి అర్థం కాదు. 2.3 అంగుళాల వెడల్పు టైరు, లోపల ట్యూబు, 65 కిలోల మనిషి అనుకుంటే ముందు 25, వెనుక 28 పౌండ్లతో మొదలుపెట్టవచ్చు. నలభై కిలోల పిల్లవానికి 20 ప్రాంతం సరిపోతుంది. గాలి తక్కువైనప్పుడు టైరు రాయిని కావలించుకొని పోతుంది. ఎక్కువైతే రాయి మీద నుండి ఎగురుతుంది.

హార్డ్‌టెయిల్‌లో వెనుక చక్రానికి దెబ్బ ఎక్కువ. కాబట్టి వెనుక రెండు మూడు పౌండ్లు అధికంగా ఉంచాలి. మరీ తగ్గిస్తే రాయి అంచుకు తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకు, రాయికి మధ్య నలిగి పాము కాటు వలె పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. చిల్లులు అలా జంటగా కనిపిస్తే మరో రెండు పౌండ్లు పెంచుకోవాలి. ఒకటే చిల్లు అయితే మన ప్రాంతంలో అది చాలావరకు తుమ్మ ముల్లే. దానికి గాలి కొలతతో సంబంధం లేదు. ట్యూబు తీసివేసి టైరులో చిల్లులు పూడ్చే ద్రవం పోసుకొనే పద్ధతి తుమ్మ చెట్ల దారులకు నిజంగా మేలు చేస్తుంది, కాని అందుకు తగిన రిమ్ము, టైరు ఉండాలి. ముల్లు గీసిన పంపు ఒకటి ఇంట్లో ఉండటం అన్నింటికంటే ముఖ్యం. వేలితో నొక్కి 25కు, 35కు భేదం చెప్పటం మా వల్ల కాదు, మా మిస్త్రీ వల్ల కూడా కాదు.

ఇక ఫోర్కు. సైకిల్ ఎక్కి, పెడళ్ళ మీద నిలబడి, కదలకుండా ఉన్నప్పుడు మన బరువుకు షాకరు కొంత కుంగుతుంది. గాలి నింపే ఫోర్కు అయితే దాని కాలికి చిన్న రబ్బరు రింగు ఉంటుంది. లేకపోతే సన్నని ప్లాస్టిక్ తాడు కట్టుకోవచ్చు. రింగును కిందికి జరిపి, ఎక్కి నిలబడి, మెల్లగా దిగి, అది ఎంత పైకి జరిగిందో కొలవాలి. మొత్తం 120 మిల్లీమీటర్లు కుంగే ఫోర్కు అయితే 20 నుండి 24 మిల్లీమీటర్లు, అనగా ఐదో వంతు లేదా కొంచెం తక్కువ చాలు. రెండు వైపులా షాకర్లు ఉన్నవారు ఇంతకంటే ఎక్కువ పెట్టుకుంటారు. వారి సైకిల్ ముందు వెనుక సమానంగా కుంగుతుంది. మన సైకిల్‌లో వెనుక భాగం కదలదు. ముందు భాగం కుంగిన కొద్దీ సైకిల్ మొత్తం ముక్కు మీదికి వాలి, హ్యాండిల్ గొట్టం నిటారు అవుతుంది. ప్రతి 20 మిల్లీమీటర్ల కుంగుకు దాదాపు 1 డిగ్రీ తేడా వస్తుంది. దిగుడులో ఈ తేడా బెరుకు పుట్టిస్తుంది. అందుకే హార్డ్‌టెయిల్ ఫోర్కు మరీ మెత్తగా ఉండరాదని మా మాట.

ఇదే కారణంతో ఫ్రేము తయారీదారు చెప్పిన దానికంటే పొడవు ఫోర్కు బిగించటం కూడా తగదు. కుర్రవాళ్ళకు పొడవు ఫోర్కు అందంగా కనిపిస్తుంది. కాని అది ఒక మీట వలె పనిచేసి ఫ్రేము మెడ దగ్గరి అతుకులను తెరవటానికి చూస్తుంది.

తొక్కే తీరు

వెనుక స్ప్రింగు లేని సైకిల్ మీద రాళ్ళలో కూర్చుని దిగేవారికి నడుము నొప్పి ఖాయం. పెడళ్ళు రెండూ నేలకు సమాంతరంగా పెట్టి, లేచి నిలబడి, మడమలు కొద్దిగా కిందికి దించి, మోకాళ్ళు, మోచేతులు వదులుగా వంచి ఉంచాలి. అప్పుడు సైకిల్ కింద ఎగిరినా తల నిలకడగా ఉంటుంది. హ్యాండిల్‌ను బిగించి పట్టుకోవటం భయం వల్ల వచ్చే అలవాటు. ఒక్క చూపుడు వేలు బ్రేకు మీద, మిగిలినవి హ్యాండిల్ మీద ఉంటే చాలు. ఆ వేలు అందేటట్లు బ్రేకు మీటను లోపలికి జరిపి బిగించుకోవాలి. మన దేశపు సైకిళ్ళలో సాధారణంగా కుడి చేతిది ముందు బ్రేకు, ఎడమ చేతిది వెనుక బ్రేకు. ఇతరుల సైకిల్ ఎక్కే ముందు ఇది నిలిపి చూసుకోవాలి.

ముందు బ్రేకు ముట్టుకోరాదని పిల్లలకు చెప్పే పెద్దలు ఉన్నారు. ఆ సలహా పిల్లలకు కీడు చేస్తుంది. సైకిల్ ఆగేటప్పుడు బరువు ముందుకు వస్తుంది, కాబట్టి ఆపే శక్తి ఎక్కువగా ముందు చక్రానికే ఉంటుంది. వెనుక బ్రేకు ఒక్కటే నొక్కితే చక్రం ఆగి గులక మీద జారుతుంది. నడుము వెనక్కి జరిపి, రెండింటినీ కలిపి, మెల్లగా నొక్కటం చదును నేల మీద నేర్పాలి. వేగాన్ని మలుపుకు ముందే తగ్గించాలి. మలుపులో పడి బ్రేకు నొక్కితే చక్రానికి రెండు పనులు ఒకేసారి చెప్పినట్లు అవుతుంది, వదులు మట్టిలో అది ఒకటీ చేయదు.

చూపు ఎక్కడ ఉంటే చక్రం అక్కడికి పోతుంది. తప్పించుకోవాలనుకున్న రాయినే చూస్తూ పోయినవాడు సరిగ్గా దానికే గుద్దుతాడు. ఐదారు గజాల ముందు, రాళ్ళ మధ్య ఉన్న ఖాళీని చూడాలి. ముందు చక్రం ఫోర్కు సాయంతో రాయిని దాటిన మరుక్షణం కాళ్ళను తేలిక చేస్తే వెనుక చక్రం దెబ్బ లేకుండా దాటుతుంది. దెబ్బ తిన్నప్పుడల్లా సైకిలే చెబుతుంది కాబట్టి, ఈ పాఠం హార్డ్‌టెయిల్ మీద త్వరగా వస్తుంది.

ఎక్కుడులో మాత్రం కూర్చునే తొక్కాలి. సీటు ముక్కు మీదికి జరిగి, ఛాతీని హ్యాండిల్ వైపు దించి, చిన్న గేరులో సమంగా తొక్కాలి. నిలబడితే వెనుక చక్రం మీద బరువు పోయి గులకలో తిరుగుతుంది. ముందు 32 పళ్ళు, వెనుక 46 పళ్ళు ఉన్న గేరులో పెడలు ఒక చుట్టుకు 29 అంగుళాల సైకిల్ సుమారు 1.6 మీటర్లు కదులుతుంది. నడక కంటే పెద్ద వేగం కాదు. అయినా ఊపిరి అందకపోతే దిగి నెట్టుకొని పోవటంలో నామోషీ లేదు. మా ఉస్తాదుల గౌరవం ఇంతవరకు దానివల్ల తగ్గలేదు.

వికారాబాదు దగ్గర మూసీ పుట్టిన అనంతగిరి గుట్టల ఎర్ర మట్టి, నీడ ఉన్న దారులు ఇటువంటి సైకిల్‌కు చక్కగా సరిపోతాయి. వానాకాలంలో ఆ మట్టి చక్రాలకు పట్టి ఫోర్కు మధ్య ఇరుక్కుంటుంది, అప్పుడు పోకపోవటం మేలు. అటవీశాఖ అనుమతి లేని దారుల్లోకి పోరాదు. కుర్తా పైజామాతో తొక్కేవారు కుడి కాలి అంచును రబ్బరు పట్టీతో కట్టుకోవాలి. ఈ సైకిళ్ళకు చైను కవరు ఉండదు. హెల్మెటు లేకుండా గుట్ట దారిలో పిల్లలను మేము వెంట తీసుకుపోము.

తుప్పు

ఉక్కుకు శత్రువు వాన కంటే లోపల నిలిచిన నీరు. వానలో తడిసిన తరువాత సీటు గొట్టం పైకి తీసి, సైకిల్‌ను తలకిందులు చేసి, కాసేపు నీరు కారనివ్వాలి. క్రాంకు ఇరుసు ఉండే గూడు కింద చిన్న రంధ్రం ఉంటే అది మట్టితో పూడుకుపోకుండా పుల్లతో శుభ్రం చేసుకోవాలి. విశాఖ, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో ఉప్పు గాలి కూడా తోడవుతుంది, అక్కడ ఏడాదికొకసారి గొట్టాల లోపల తుప్పు నిరోధించే నూనె పట్టించటం మంచిది. ఉడికించిన అవిసె నూనె పాత ఫ్రేము పనివారు వాడుతూ వచ్చినదే. పోసి, ఫ్రేమును అన్ని వైపులా తిప్పి, మిగిలినది వంచేసి, రెండు రోజులు ఆరనిస్తే లోపల పొర కడుతుంది. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడవేయరాదు, వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. పరచి ఆరబెట్టాలి.

సీటు గొట్టం తరచు అల్యూమినియంతో చేసినదై ఉంటుంది. అల్యూమినియం, ఉక్కు తడిలో కలిసి ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. సుత్తి దెబ్బలకు కూడా రావు. ఆరు నెలలకొకసారి తీసి, తుడిచి, పలుచగా గ్రీసు రాసి పెట్టాలి. గ్రీసు, నూనె ఏదీ డిస్కు మీద పడరాదు. ఒక్క చుక్క పడినా బ్రేకు కట్టలు పీల్చుకొని పట్టు పోతుంది, అరుపు మొదలవుతుంది.

చైనును పొడి గుడ్డతో తుడిచి, ఒక్కో లంకెకు ఒక్కో చుక్క నూనె వేసి, పైన మిగిలినది తుడిచివేయాలి. పైన తడిగా ఉన్న నూనె దుమ్మును పిలుస్తుంది. చైను అరుగుదలను స్కేలుతో చూడవచ్చు. ఒక పిన్ను మధ్య సున్నా పెట్టి కొలిస్తే పన్నెండు జతల లంకెలు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చుకోవాలి. ఎనిమిదో వంతు దాకా ఆగితే వెనుక పళ్ళ చక్రాలు కూడా అరిగి ఉంటాయి, వాటి ధర చైను ధరకు కొన్ని రెట్లు.

భుజం విరిగిన ఆ విద్యార్థి ఇప్పుడు ప్రతి జుమా రోజు ఉదయం తన సైకిల్‌తో పాటు తమ్ముని సైకిల్ చైను కూడా ఇలాగే కొలుస్తున్నాడు. కొలిచే స్కేలు మా తరగతి గదిదే, ఇంకా తిరిగి ఇవ్వలేదు.